చక్కని పుస్తకము

చంద్రగిరి,
12 నవంబరు 1944

సుందరరాజుకు,

మా వసారాలో కూర్చుని, మా చెట్టు పనసతొనలు తింటూ, "బావా, మీ పుస్తకానికి నా పత్రికలో నిండుగా రెండు పుటలు రాస్తాను, ఇది నా మాట" అన్నావు. అది పంతొమ్మిదివందల పద్నాలుగు. అప్పుడే ఒక యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం ముగిసింది, ఇంకొకటి వచ్చింది, ఇప్పుడు అదీ ముగిసేటట్టుంది. నీ రెండు పుటలు మాత్రం రాలేదు. వచ్చింది ఒక్క పంక్తి. "మెట్లదారి: చంద్రగిరి గోవిందయ్యగారు రచించినది. చక్కని పుస్తకము." అంతే.

దాని కిందనే ఎవరిదో తప్పిపోయిన ఎద్దు గురించి ప్రకటన వేశావు. ఆ ఎద్దుకు నాలుగు పంక్తులు. దాని రంగు చెప్పారు, కొమ్ముల వంపు చెప్పారు, ఎడమ చెవి మీది మచ్చ చెప్పారు. ఎవరూ దాన్ని 'చక్కని ఎద్దు' అనలేదు. అందుకే అది దొరికిందట.

ఆ నెల నుంచి నేను నీతో మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఎదురుపడినప్పుడు, మీ అక్కను మధ్యన పెట్టుకొని "మీ తమ్ముడికి మజ్జిగ కావాలేమో అడుగు" అన్నానే గాని, నీ మొహం చూసి అడగలేదు. నీ పత్రిక 'నీవాతరంగిణి'ని నేను తెప్పించుకోను. అక్కడా ఇక్కడా కంటబడితే తిరగేస్తాను. తిరగేసిన ప్రతిసారీ ఆ మాటే. చక్కని నవల. చక్కని ఉపన్యాసము. చక్కని పండ్లపొడి. ఒక ఊరికి చక్కని రోడ్డు వేశారని రాశావు. నేను ఆ రోడ్డు మీదనే బండి బోల్తాపడి ముంజెయ్యి విరగ్గొట్టుకున్నాను. పోయిన ఏడాది ఎవరో పెద్దమనిషికి 'చక్కని అంత్యక్రియలు' జరిగాయని వేశావు. ఆయన కూడా చదివి సంతోషించి ఉంటాడు.

ఇన్ని భాషల పుస్తకాలు చదివిన వాణ్ణి. ఒక మాట పట్టుకొని ముప్పై ఏళ్ళు పత్రిక నడిపినవాణ్ణి నిన్ను తప్ప చూడలేదు.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి మునిరత్నానికి పెళ్ళి కుదిరింది. వరుడు నారాయణ, రేణిగుంట స్టేషనులో గుమాస్తా. తండ్రి తిరుమలయ్య, వడమాలపేట. మామిడితోటలున్నాయి, నోరు కూడా ఉంది. పెళ్ళి మాఘమాసంలో, మా ఇంట్లోనే. నిన్ను పిలవకుండా కానిచ్చేద్దామని మీ అక్కతో అన్నాను. ఆమె చేట కింద పెట్టి లేచింది.

"మేనమామ గంపలో ఎత్తుకోని రాకపోతే పిల్ల పీటల మీదికి ఎట్లొస్తాది? నీ పుస్తకం ఎత్తుకోని వస్తాదా?" అని అడిగింది.

కాబట్టి రాస్తున్నాను. నువ్వు రావాలి. వచ్చేటప్పుడు ఆ రెండు పుటలు అచ్చువేసి తేవాలి. ఆ మాట అందులో ఎక్కడా కనబడకూడదు.

మీ అక్క మొగుడు,
గోవిందయ్య


చిత్తూరు,
20 నవంబరు 1944

పూజ్యులైన బావగారికి,

('పూజ్యులైన' కొట్టివేయదలిస్తే కొట్టివేయండి. వట్టి 'బావగారికి' అన్నా అర్థం అదే.)

కవరు మీద మీ దస్తూరి చూసి ఎవరో పోయారనుకున్నాను. చింపే ధైర్యం లేక మా ఆవిడ వరలక్ష్మికి ఇచ్చాను. ఆమె చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టింది. "మీ బావ తిడతా ఉండాడు, మనకేం ఫరవాలేదు" అంది. ముప్పై ఏళ్ళ తర్వాత బావ నోటి తిట్టు! ప్రెస్సులో అందరికీ మైసూరుపాకు తెప్పించాను.

వస్తాను బావా. నడుము పడిపోయినా వస్తాను. మునిరత్నం ఈ మధ్య కొంచెం ఒళ్ళు చేసిందని అక్క కబురు పంపింది, అది నిజం కాకూడదని మొక్కుకుంటున్నాను.

ఆ మాట గురించి అడిగారు గనుక చెబుతాను. నెలకొక గోతానికి సరిపడా పుస్తకాలు వస్తాయి నాకు. రాసినవాళ్ళలో సగం మంది చందాదారులు, తక్కినవాళ్ళు చందాదారుల వియ్యంకులు. చదివి మెచ్చుకున్నది 'మంచి పుస్తకం'. చదవలేక మెచ్చుకోవలసినది 'ప్రశస్తమైన గ్రంథం'. అది జమీందార్లు రాసినవాటికి. నొప్పించడం ఇష్టం లేని మనిషిదైతే 'చక్కని'. ఇంటికి వచ్చినవాడికి మజ్జిగ ఇస్తాం. ఎంత దాహంగా ఉందో కొలిచి ఇస్తామా?

మా కంపోజిటరు చిన్నబ్బ ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి పేరుస్తాడు. ఈ మాట ప్రతి పుటలోనూ వస్తుంది గనుక, విడగొట్టే పని లేకుండా కొన్నింటిని దారంతో కట్టి పెట్టె మూలలో సిద్ధంగా ఉంచుకుంటాడు. ఎక్కడైనా పంక్తి చాలకపోతే "అయ్యా, ఈడ సందుండాది, ఒక చక్కని ఏసేదా?" అని అడుగుతాడు. వెయ్యమంటాను. ఇందులో దాపరికం ఏముంది?

పత్రిక తెప్పించుకోనని రాశారు. మా చందాదారులలో 'శ్రీమతి చెంగమ్మ, చంద్రగిరి' అని ఒకరున్నారు. మా అక్క చదువుకోలేదని నేను బాధపడేవాణ్ణి. సంచిక ఒక వారం ఆలస్యమైతే "మీ నిర్వాహకత్వం శోచనీయం" అని కార్డు రాసేంత పండితురాలైందని తెలిసి ఎంతో సంతోషించాను. దస్తూరి కూడా బాగుంది, అచ్చం మీ దస్తూరి లాగానే.

రెండు పుటల సంగతి: యుద్ధంతో కాగితం కంట్రోలు వచ్చాక పత్రిక పప్పుబద్ద అంత అయింది. మాట ఇవ్వను. ఒకసారి ఇచ్చి చెడ్డాను.

మీ బామ్మర్ది,
సుందరరాజు


చంద్రగిరి,
29 నవంబరు 1944

సుందరరాజుకు,

దారంతో కట్టి ఉంచావా?

నేను ఇన్నేళ్ళు ఏమనుకున్నానో తెలుసా? నువ్వు నా పుస్తకం చదివి, ఆలోచించి, అసూయతో ఆ మాట ఎంచుకొని రాశావనుకున్నాను. అసూయను క్షమించవచ్చు, అందులో కొంత గౌరవం ఉంది. ఇప్పుడు తెలిసింది, మూలనున్న కట్ట తీసి సందులో పెట్టారని. అవే సీసం ముక్కలు నా పుస్తకానికీ, అవే జుట్టునూనెకూ! నాలుగు వేసవులు శ్రీనివాసమంగాపురం వైపు నుంచి తిరుమల కొండెక్కి, మజ్జిగ అమ్మేవాళ్ళతో, డోలీ మోసేవాళ్ళతో కూర్చుని రాసిన పుస్తకమది. మిట్టమధ్యాహ్నం కూడా కాలు కాలని బండ ఏదో రాశాను. దాన్ని ఇంకెవరూ రాయలేదు. ఇప్పుడు మోటారు బస్సులు కొండెక్కుతున్నాయి, ఇక ఎవరూ రాయరు కూడా.

చందా గురించి నువ్వు రాసింది చెంగమ్మకు చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఆమెకు పొలమారింది. అదీ నీ తప్పే.

అలంకారం లేకుండా అచ్చువేస్తే ఎంత హాయిగా ఉంటుందో నీలాంటి వాళ్ళకు చూపించదలిచాను. మునిరత్నం శుభలేఖ నేనే రాశాను. 'శుభలేఖ' అని కూడా పెట్టలేదు. శుభమో కాదో చదివినవాళ్ళకే తెలుస్తుంది. తిరుపతిలో అచ్చుకు ఇచ్చాను. పూర్తి పాఠం ఇది:

"చంద్రగిరి గోవిందయ్య కూతురు మునిరత్నమ్మకు, వడమాలపేట తిరుమలయ్య కొడుకు నారాయణకు 1945 జనవరి 24 బుధవారం ఉదయం పెళ్ళి. చోటు: గోవిందయ్య ఇల్లు. భోజనం ఉంటుంది."

ప్రెస్సు యజమాని రెండుసార్లు చదివి, "అయ్యా, ఇది పెండ్లి కాయితమా, కోర్టు కాయితమా?" అన్నాడు. అతనూ నీ పత్రిక చదువుతాడట. అచ్చైన వెంటనే పంచిపెట్టేశాను.

గోవిందయ్య


చిత్తూరు,
3 డిసెంబరు 1944

బావా,

కార్డు మీద రాస్తున్నాను, వేగంగా చేరుతుందని. మీ పాఠం చదివి మొదట నవ్వాను. రెండోసారి చదివేసరికి చెమట పట్టింది. వడమాలపేటకు పంపకండి. పంపి ఉంటే మనిషిని పరుగెత్తించి వెనక్కు తెప్పించండి. మిగతా బంధువులకు తర్వాత ఏదో చెప్పుకోవచ్చు. మగపెళ్ళివారికి మాత్రం వద్దు, వద్దు, వద్దు.

సుందరరాజు


చంద్రగిరి,
6 డిసెంబరు 1944

సుందరరాజుకు,

నీ కార్డూ తిరుమలయ్యా ఒకే పూట వచ్చారు. ఆయనే ముందు వచ్చాడు.

చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు. "ఏమప్పా గోవిందయ్యా, నా కొడుకు పేరు ముందర చిరంజీవి అని ఒక మాట పెడితే నీ సిరా అయిపోతాదా?"

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. "మావోడేమన్నా దావన పొయ్యేవోడా? మా ఊళ్ళో ఎద్దులు అమ్మినా 'శ్రీ' అని రాసుకుంటాం!" అన్నాడు.

నేను నెమ్మదిగానే సర్దిచెప్పబోయాను. చిరంజీవి అని రాసినంత మాత్రాన ఎవరూ చిరంజీవులు కాలేరనీ, పురాణాల ప్రకారం చిరంజీవులు ఏడుగురేననీ చెప్పాను.

"అంటే మావోడు సస్తాడంటావా?" అన్నాడు.

"అందరూ..." అనబోయాను. చెంగమ్మ నా నోరు మూసింది. మాటవరసకు కాదు, చేత్తోనే.

తిరుమలయ్య తల్లి సుబ్బులమ్మ మనమడి పేరు అట్లా బోడిగా ఉండటం విని గడపలో కూలబడిందట. "పిల్లోడు సల్లగుండాలని రాయని కాయితంతో ఆ ఇంటి పిల్ల మా ఇంట్లో కాలు పెట్టేది లేదు" అని ఆమె తీర్పు. ఈ నెల దాటేలోగా మర్యాదగల శుభలేఖ ఆమె చేతిలో పడాలి. లేకపోతే పుత్తూరులో ఇంకో సంబంధం చూసుకుంటారట. తిరుమలయ్య లేచిపోతూ మజ్జిగ కూడా ముట్టలేదు.

మునిరత్నం ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత బాగుండేది. రేణిగుంట వైపు పోయే బండి కూత వినబడితే ఆ పిల్ల చేతిలో పని ఆపుతుంది, ఈ మధ్య గమనిస్తున్నాను. ఆ సాయంత్రం బండి కూసింది. పిల్ల తల ఎత్తలేదు. సంకటి ముద్ద కంచంలో అట్లాగే పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"నాయనా, నీకు మామ మీద కోపముంటే మామను తిట్టు. నేనేమన్నా వద్దన్నానా? నా పెండ్లిలో ఉండే మాటలు నావి. వాటిని నువ్వెందుకు తీసేసినావు?"

 పొద్దున్నే లేచి తిరుపతి ప్రెస్సుకు పోయాను.

తిరుపతిలో ఇక కాగితం లేదన్నారు. ఉన్నదంతా నా కోర్టు కాగితానికే అయిపోయిందట. ఆ ప్రెస్సు యజమాని ఆ మాట చెబుతూ ఎంత సంతోషపడ్డాడో! నీ దగ్గర కాగితమేమైనా ఉంటే శుభలేఖలు వేసి పంపు. ఏ మాటలు పెడతావో నీ ఇష్టం. నేను బతిమాలడం లేదు. మీ అక్క బతిమాలుతున్నది, నేను రాస్తున్నాను.

గోవిందయ్య


చిత్తూరు,
19 డిసెంబరు 1944

బావగారికి,

అయిపోయింది. ఇక మీరు సంకటి తినవచ్చు, ఆ పిల్ల చేత తినిపించవచ్చు.

మీ ఉత్తరం రాగానే చిన్నబ్బను పిలిచి, "పెట్టెలో ఉన్న మంచి మాటలన్నీ బయటికి తియ్" అన్నాను. ఇంత ఆనందంగా అతను పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు పైన మూడు వైపులా తోరణంలాగా పెట్టాడు. తిరుమలయ్యగారు 'శ్రీయుతులు', మీరు 'మహారాజశ్రీ'. మీకు నచ్చదని తెలుసు. అందుకే పెట్టాను.

తపాలాలో పంపితే ఆలస్యమని నేనే వడమాలపేట వెళ్ళాను. తిరుమలయ్యగారు మొహం ముడుచుకొని కూర్చున్నారు. సుబ్బులమ్మగారు మాత్రం చాపేసి, "సదువు నాయనా, నేను ఇంటాను" అన్నారు. చదివాను. 'చిరంజీవి' దగ్గర కళ్ళు మూసుకున్నారు. "ఇంకోసారి సదువు" అన్నారు. చదివాను. మూడోసారి చదివేటప్పుడు వేళ్ళు ముడుస్తూ విన్నారు.

"అదేం నాయనా, మావోడికి చిరంజీవి అని ఒకటే పెట్టినారు. పిల్లకేమో చిరంజీవి, లక్ష్మి, సౌభాగ్యవతి అని మూడు పెట్టినారే?"

బావా, నేను ముప్పై ఏళ్ళు సంపాదకుణ్ణి. జమీందార్లను సముదాయించాను, కవులను సముదాయించాను. ఇంత చిక్కు ప్రశ్న ఎవరూ అడగలేదు. "పిల్ల మీ ఇంటికే వస్తా ఉండాది గదమ్మా, ఆ మూడూ మీకే వస్తాయి" అన్నాను. ఆమె గట్టిగా నవ్వి నా చెంప తట్టారు. ఆమె నవ్వాక తిరుమలయ్యగారికి నవ్వక తప్పలేదు. వద్దన్నా వినకుండా మామిడితాండ్ర గంపెడు కట్టించారు. మీ వాటా పంపుతున్నాను.

మీరు అనుకున్నంత పనికిమాలినవి కావు ఈ మాటలు. ఆ ముసలామెకు వాటిలో సమాచారమేమీ అక్కర్లేదు. తన మనమడి పేరు ముందు ఎవరో చేతులు జోడించారా లేదా అన్నదే కావాలి.

ఇంకొకటి, చెప్పకూడదనుకున్నాను గాని చెబుతాను. ఈ కాగితం ఎక్కడిదని మీరు అడగలేదు. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నుంచి నేను కొంత కాగితం వేరుగా తీసి దాచాను. ఫిబ్రవరి సంచికకు ఒక ఆకు అదనంగా అతికించి, రెండు వైపులా, నిండుగా రెండు పుటలు... మీకు చెప్పకుండా పెళ్ళికి తేవాలనుకున్నాను. మాట ఇవ్వనని రాసింది అందుకే. ఇప్పుడు ఆ కాగితం మీద మీరు మహారాజశ్రీ అయి కూర్చున్నారు. వేరే కాగితం లేదు.

ఈసారి మాట తప్పింది నేను కాదు బావా.

మీ బామ్మర్ది,
సుందరరాజు


చంద్రగిరి,
4 జనవరి 1945

సుందరరాజుకు,

శుభలేఖలు అందాయి. తాండ్ర అందింది, బాగుంది, పీచు లేదు. (చూశావా, తాండ్ర గురించి చెప్పాలంటే కూడా ఇట్లా చెప్పాలి.) మునిరత్నం ఒక శుభలేఖ తీసి తలగడ కింద పెట్టుకుంది. ఎవరూ చూడలేదనుకుంటున్నది.

రెండు పుటలు రెండోసారి పోయాయి. ఎంత ఆలోచించినా ఈసారి నిన్ను అనడానికి లేదు. అది నాకు బొత్తిగా నచ్చలేదు. నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

మేదరవాళ్ళ చేత గంప అల్లించాను. పెద్దదే. పిల్లతో పాటు నువ్వు కూడా పడతావు. ఒక రోజు ముందే రా. నడుముకు కట్టుకోవడానికి గట్టి పంచె తెచ్చుకో. స్టేషనుకు బండి పంపుతాను. నేను రాను. వస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

గోవిందయ్య


చిత్తూరు,
1 ఫిబ్రవరి 1945

బావా,

వెల్లకిలా పడుకొని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి. మునిరత్నం బరువు గురించి అక్క పంపిన కబురు నిజమే. గంప ఒక వైపు నేను, ఒక వైపు మా పెద్దవాడు పట్టుకున్నాం గాని, సగం దూరంలో వాడికి నవ్వు వచ్చింది. తక్కిన సగం బరువంతా నాదే. గంపలోంచి ఆ పిల్ల "మామా, దించెయ్, నేను నడస్తాను" అంటుంది. అక్క వెనకాల నుంచి "దించినావంటే సూడు!" అంటుంది. సుబ్బులమ్మగారు ఎదురొచ్చి అక్షింతలు నా మీద కూడా వేశారు, పెళ్ళికొడుకు నేనే అయినట్టు.

స్టేషనుకు రానని రాశారు. బండి తోలుకొచ్చింది మీరే. దారి పొడుగునా ఎద్దులతో తప్ప నాతో మాట్లాడలేదు. ఇల్లు చేరాక "మజ్జిగ తాగుతావా?" అన్నారు. నేరుగా, నా మొహం చూసి. నేను రెండు చెంబులు తాగాను.

ఇక పందిట్లో సంగతి. తాంబూలాల వేళ తిరుమలయ్యగారు "పత్రికాయన నాలుగు మాటలు చెప్పాల!" అని నన్ను నిలబెట్టారు. వధూవరుల గురించి చెబుతానని అందరూ అనుకున్నారు. నేను 'మెట్లదారి' గురించి చెప్పాను. కాగితం లేకపోతే నోరు లేదా? తాంబూలం ఇంకా అందలేదు గనుక ఎవరూ లేచిపోలేకపోయారు.

మీరు పందిరి గుంజ చాటున నిలబడ్డారు. గుంజ సన్నది బావా, మీరు కారు.

నేనేం చెప్పానో మీరు విన్నారు, అయినా రాతలో ఉండాలని రాస్తున్నాను. ఆ పుస్తకంలో మజ్జిగమ్మే ముసలామె యాత్రికుల చెప్పులు చూసి ఏ ఊరివాళ్ళో చెప్పడం ఉంది. అది చదివిన రోజు నుంచి నేను ఎవరి చెప్పులు చూసినా ఊరు ఊహిస్తాను. కాలు కాలని బండ ఉంది. నాలుగో అధ్యాయం నిండా సణుగుడు ఉంది, అది తీసేస్తే పుస్తకం ఇంకా బాగుండేది. బస్సులో పోయేవాళ్ళకు ఆ పుస్తకం అక్కర్లేదు. రోజూ నడిచేవాళ్ళకూ అక్కర్లేదు. ఒకప్పుడు నడిచి, ఇప్పుడు నడవలేనివాళ్ళ కోసం రాసినట్టుంది అన్నాను. అప్పుడు సుబ్బులమ్మగారు "ఆ బండ నాకు తెలుసు నాయనా, దాని మీద కూసోనే మావోడి నాయనకు పాలిచ్చినాను" అన్నారు. ఆ మాటకు గుంజ కదిలింది.

మీరు కోరినట్టే ఆ మాట ఎక్కడా వాడలేదు.

కానీ ఒకటి చెప్పనివ్వండి. పద్నాలుగులో మీ పుస్తకానికి వేసినప్పుడు చిన్నబ్బ ఇంకా మా ప్రెస్సుకు రాలేదు, కట్టలూ లేవు. నేనే నిలబడి ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చాను. నా పత్రికలో ఆ మాట మొదటిసారి పడింది మీ పుస్తకానికే. అప్పటికి అది అరిగిపోలేదు బావా. నాకు నిజంగా అట్లాగే అనిపించింది. మరి రెండు పుటలు ఒక్క పంక్తి ఎందుకయ్యాయని మాత్రం అడగకండి. ముప్పై ఏళ్ళు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

పిల్లల్ని తీసుకొని, అక్కతో కలిసి చిత్తూరు రండి. కూర్చునే తిట్టుకుందాం.

సుందరరాజు


చంద్రగిరి,
9 ఫిబ్రవరి 1945

సుందరరాజుకు,

నువ్వు చెప్పనక్కర్లేదు. చెప్పవలసినవాళ్ళు చెప్పారు.

నీ ఉత్తరం చెంగమ్మకు చదివి వినిపించాను. అంతా విని, చెనిక్కాయలు ఒలుస్తూ, "ఇంతసేపు సెప్పినాడు గాని, చక్కగా ఉండాదని ఒక్క మాట సెప్పలేదే మా తమ్ముడు? అంటే పుస్తకం బాగలేదా?" అంది. నేను తల పట్టుకున్నాను. ఆ మాటే గదా నేను వద్దన్నది అని వివరించాను.

"ఎందుకొద్దన్నావు? నా తమ్ముడు మంచిగా ఏసిన మాట! అప్పుడు రెండు పుటలు ఏస్తానంటే నేనే గదా వద్దన్నది. 'ఒక్క మాటతో పోనీరా' అని నేనే సెప్పినాను" అంది. చేతిలో చెనిక్కాయ చిట్లింది, నోట్లో వేసుకుంది. 

నేనప్పుడు బడిపంతులు పని మానేసి మదరాసు పోతానంటూ ఉండేవాణ్ణట. ఆ రెండు పుటలు అచ్చుకావడమే ఆలస్యం, మూట కట్టేస్తానన్నానట. నాకు జ్ఞాపకం లేదు, అనే ఉంటాను. "మదరాసులో నీళ్ళు కొనుక్కోవాలంట. పొగిడితే నీ కాలు నిలవదని తెలుసు. అందుకే వాడి చేత ఒట్టు పెట్టించుకున్నా. పాపం, వాడు నీ చేత ఎన్ని తిట్లు తిన్నాడో!" అని నవ్వింది సుందరరాజూ. ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని నేను నిన్ను తిడుతుంటే విని, సంకటి వడ్డించి, ఇప్పుడు నవ్వింది.

నాకూ నవ్వు వచ్చింది. మొదట ఆపుకున్నాను. తర్వాత ఆపుకోలేకపోయాను. పక్కింటి రాఘవమ్మ గోడ మీదుగా చూసి, "అల్లుడొచ్చినాడా?" అని అడిగింది. నేను అంత గట్టిగా నవ్వగా ఆ వీధి ఎప్పుడూ వినలేదు.

మదరాసు పోయి ఉంటే ఏమయ్యేవాణ్ణో ఆ రాత్రి ఆలోచించాను. నీలాంటి పత్రిక ఒకటి పెట్టేవాణ్ణి. నాకూ ఒక చిన్నబ్బ ఉండేవాడు. నాకూ ఒక దారపు కట్ట ఉండేది. ఆలోచన అంతటితో ఆపాను.

మునిరత్నం రేణిగుంట నుంచి ఉత్తరం రాసింది. బండ్లు ఎక్కువ కూస్తాయట, ఇంట్లో మాట వినబడదట. తమతో వచ్చి ఉన్న సుబ్బులమ్మకు ప్రతి ఆదివారం శుభలేఖ చదివి వినిపించాలట. చివర 'ఇక్కడ అంతా చక్కగా ఉంది నాయనా' అని రాసింది. దానిని కొట్టివేయలేదు. రెండుసార్లు చదివాను.

పైవారం అందరం చిత్తూరు వస్తాము. నీ నడుముకు ఆముదం, ఇంగువ వేసి కాచిన నూనె చెంగమ్మ తెస్తున్నది. మజ్జిగ సిద్ధంగా ఉంచు.

నీ బావ,
గోవిందయ్య

తా.క. ఇంత తెలిశాక కూడా తప్పు ఎవరిదని నన్నడిగితే, చెంగమ్మది కాదు. ఆమె ఒక్క మాటతో పోనీమంది, అంతే. నిలబడి ఒక్కొక్క అక్షరం ఏరి, నిజంగా అనిపించి, నాకని ఒక మంచి మాట అచ్చువేసి, మరుసటి నెల నుంచి దాన్నే పండ్లపొడికీ, జుట్టునూనెకూ, ఊరందరికీ పంచిపెట్టినవాడు ఒకడున్నాడు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది అతణ్ణే. పేరు సుందరరాజు.